‘అది తీసుకుని ఉంటే...’: పిల్లల మనసులో పశ్చాత్తాపం పుట్టే తీరు

బల్ల మీద మూసిన పెట్టెలు రెండు ఉంటాయి. ఏదో ఒకటి ఎంచుకోమని చెబుతారు. పాప ఒక పెట్టె తెరుస్తుంది, అందులో రెండు బొమ్మ స్టిక్కర్లు ఉంటాయి. పాప సంతోషిస్తుంది. అంతలో రెండో పెట్టె కూడా తెరిచి చూపిస్తారు. అందులో పది ఉంటాయి. పాపకు నాలుగేళ్లయితే, చాలాసార్లు ఆ పదింటినీ ఒకసారి చూసి, తన రెండింటితో ఆటలో పడిపోతుంది. ఏడేళ్లయితే ముఖం వాడిపోతుంది. చేతిలో ఉన్నవి అవే రెండు, వాటిలో ఒక్కటీ తగ్గలేదు. అయినా ఒక్క క్షణం కిందటి సంతోషం ఇప్పుడు లేదు.

పిల్లల మనసును అధ్యయనం చేసేవారు గత రెండు మూడు దశాబ్దాలుగా ఈ చిన్న ఆటనే రకరకాలుగా మార్చి ఆడిస్తున్నారు. నాలుగేళ్లకూ ఏడేళ్లకూ మధ్య మనసులో ఏం పెరిగిందన్నది వారి ప్రశ్న. పెద్దలు రోజూ పిల్లలతో అనే మాటల్లో సగం ఈ పెరుగుదల మీదే ఆధారపడి ఉంటాయి. ‘అలా ఎందుకు చేశావు? చేయకుండా ఉంటే ఇలా అయ్యేదా?’ అని మూడేళ్ల బిడ్డను నిలదీసే పెద్దవారు, ఆ బిడ్డకు ఇంకా రాని ఒక మానసిక విద్యను ప్రదర్శించమని అడుగుతున్నారు. బిడ్డ మౌనంగా నిలబడితే మొండితనమనుకుంటారు. అది మొండితనం కాకపోవచ్చు. ఆ ప్రశ్నకు అవసరమైన రెండో లోకం ఆ మనసులో ఇంకా కట్టుబడి ఉండకపోవచ్చు.

రెండు మాటలు, రెండు బాధలు

ముందు మాటలను విడదీసి చూడాలి. ఆశాభంగం అనే మాటలోనే దాని లెక్క ఉంది. ముందు ఒక ఆశ ఉండాలి, అది భంగపడాలి. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య దూరమే ఆ బాధ. వర్షం వచ్చి ఆట ఆగిపోతే కలిగేది ఆశాభంగం. అందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి ఎంపికా లేదు.

పశ్చాత్తాపం వేరు. పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. పని జరిగిపోయాక రగిలే మంట అది. అది రగలాలంటే ‘నేను మరోలా చేయగలిగేవాణ్ణి, చేసి ఉంటే ఇంతకన్నా మేలు జరిగేది’ అన్న ఆలోచన కావాలి. అంటే అందులో మూడు ముక్కలున్నాయి: జరిగింది, జరగకుండా పోయింది, ఆ రెండింటి మధ్య దారి ఎంచుకున్న ‘నేను’. ఆశాభంగంలో మనిషి జరిగినదాన్ని తన ఎదురుచూపుతో పోల్చుకుంటాడు. పశ్చాత్తాపంలో తాను వదిలేసిన దారితో పోల్చుకుంటాడు.

తెలుగులో ఒక చిక్కు ఉంది. పశ్చాత్తాపం అనగానే తప్పు చేసినవాడి గుండెకోతే ముందు గుర్తుకొస్తుంది. పాపభీతి, క్షమాపణ దాని వెంటే వస్తాయి. కానీ పైన చెప్పిన పెట్టెల ఆటలో పాప ఏ తప్పూ చేయలేదు. ఎవరికీ హాని చేయలేదు. ఆమెకు కలిగింది ‘అయ్యో, అది తీసుకుని ఉంటే’ అన్న చింత మాత్రమే. నీతితో సంబంధం లేని ఈ చింతకు వాడుకలో స్థిరపడిన విడి పేరు మనకు లేదు. అందుకే ఈ వ్యాసంలో పశ్చాత్తాపం అన్నచోటల్లా ఎంపిక గురించిన ఈ చింతనే ఉద్దేశించడం జరిగింది. పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరు లేని బాధను పెద్దలు దగ్గరలో ఉన్న మరో పేరుతో పిలుస్తారు. పిల్లవాడు చింతపడుతుంటే ‘అసూయ’ అంటారు, ‘అత్యాశ’ అంటారు. వాడు తన ఎంపిక గురించి బాధపడుతున్నాడు, వాడికి దొరికే మాట మాత్రం మందలింపు.

పేరు లేకపోయినా మన వ్యాకరణం మాత్రం ఈ ఆలోచనకు చక్కని చోటు కట్టిపెట్టింది. ‘ఎక్కితే పడతాడు’ అన్నది రాబోయేదాని గురించిన హెచ్చరిక. ‘ఎక్కి ఉంటే పడేవాడు’ అన్నది జరగని గతం గురించిన మాట. ‘ఉంటే’, ‘ఏవాడు’ అనే ఆ చిన్న చేర్పులతో ఒక లోకం మొత్తం తలకిందులవుతుంది. పిల్లలు మొదటి రూపాన్ని హాయిగా వాడతారు. రెండోది వాళ్ల నోట స్థిరపడటానికి సమయం పడుతుంది. నోట పలికినంత మాత్రాన మనసులో లోకం కట్టుకున్నట్టు కూడా కాదు.

ఆశాభంగం ముందు వస్తుంది

ఎదురుచూపు విరిగితే కలిగే కలత నెలల వయసులోనే కనిపిస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త మైఖేల్ లూయిస్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో రెండు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ల చేతికి ఒక దారం కట్టారు. చేయి లాగితే బొమ్మ, పాట వచ్చేవి. పసివాళ్లు ఆ కిటుకు పట్టేశారు, ముఖాలు వెలిగిపోయాయి. తర్వాత ఎంత లాగినా ఏమీ రాకుండా చేశారు. వాళ్ల ముఖాల్లో కోపం కనిపించింది, చేతులు ఇంకా గట్టిగా లాగాయి. తమ చేతికీ పాటకూ ఉన్న సంబంధం తెగిపోయిందని ఆ పసి మనసులకు ఏదో ఒక స్థాయిలో తెలిసిందన్నమాట. ఇది పూర్తి అర్థంలో ఆశాభంగం కాదు, దాని వేరు మాత్రం ఇక్కడే ఉంది.

ఇతరుల ఆశాభంగాన్ని అర్థం చేసుకోవడం మాటలు వచ్చాక మొదలవుతుంది. కథలో పిల్లవాడికి బంతి కావాలి, పుస్తకం దొరికింది, వాడికెలా ఉంటుందని అడిగితే మూడేళ్లలోపే చాలామంది ‘బాధగా’ అంటారు. కోరిక, ఫలితం, ఆ రెండూ కలిశాయా లేదా అన్నంతవరకు లెక్క తేలిక. చిక్కు నమ్మకం దగ్గర వస్తుంది. పాల్ హారిస్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధనలో ఒక ఏనుగు కథ చెప్పారు. ఏనుగుకు ఒక పానీయం అంటే ఎంతో ఇష్టం. అది లేని సమయం చూసి ఒక కొంటె కోతి డబ్బాలోని పానీయం తీసేసి, ఏనుగుకు నచ్చనిది పోసింది. ఏనుగు తిరిగివచ్చి డబ్బాను చూసింది, ఇంకా తాగలేదు. ఇప్పుడు దానికెలా ఉంటుంది?

సంతోషంగా ఉంటుంది, దానికి మోసం తెలియదు కదా. పెద్దలకు ఇది క్షణంలో తడుతుంది. నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది ‘బాధగా ఉంటుంది’ అన్నారు. డబ్బాలో ఏముందో తమకు తెలుసు కాబట్టి ఏనుగు ముఖంలోనూ ఆ బాధనే చూశారు. ఆరేళ్ల పిల్లలు దీన్ని బాగా దాటారు. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. డబ్బాలో ఏముందని ఏనుగు అనుకుంటుందని అడిగితే సరిగ్గా చెప్పిన పిల్లలు కూడా కొందరు, దాని మనసెలా ఉంటుందని అడిగితే తప్పారు. ఒకరి నమ్మకం తెలియడం ఒక మెట్టు, ఆ నమ్మకం మీద నిలబడిన భావం తెలియడం మరో మెట్టు. ఆశాభంగం అంటే తప్పుడు నమ్మకంతో మొదలై నిజంతో ముగిసే ప్రయాణమని పిల్లలకు పూర్తిగా అర్థం కావడం ఈ రెండో మెట్టెక్కాకే.

ఆశాభంగాన్ని దాచుకోవడం ఇంకొక విద్య. కరోలిన్ సార్నీ 1984లో ఆరు, ఎనిమిది, పదేళ్ల పిల్లలతో చేసిన పరిశోధన ఈ రంగంలో చాలా పేరున్నది. చేసిన పనికి మంచి బహుమతి ఇచ్చి పిల్లల్లో ఆశ పెంచారు, తర్వాతిసారి వాళ్ల వయసుకు తగని చప్పటి ఆటవస్తువు చేతిలో పెట్టారు. చిన్నవాళ్ల ముఖంలో నిరాశ ఉన్నదున్నట్టు కనిపించింది. పెద్దవాళ్లలో, అందులోనూ ఆడపిల్లల్లో, ఇచ్చినవారి మనసు నొప్పించకూడదన్న ప్రయత్నం ఎక్కువగా కనిపించింది. పమేలా కోల్ 1986లో మూడు నాలుగేళ్ల ఆడపిల్లలు కూడా ఇచ్చినవారు ఎదుట ఉంటే చిరునవ్వు నిలుపుకుంటారని చూపింది. కానీ ఆ నవ్వు ఎందుకు నవ్వారో ఆ చిన్నపిల్లలు వివరించలేరు. ముఖం ముందు నేర్చుకుంటుంది, అర్థం వెనక వస్తుంది. బాధను దాచడంలో ఆడపిల్లలు ముందుండటాన్ని మెచ్చుకునే ముందు కాస్త ఆగి ఆలోచించాలి. అంత చిన్న వయసులో అంత బాగా ఎందుకు నేర్చారన్న ప్రశ్న వాళ్లను పెంచేవారిదే.

రెండో లోకాన్ని నిలబెట్టడం

ఇక పశ్చాత్తాపం. దానికి పునాది ‘ఇలా కూడా జరగవచ్చు’ అన్న ఎరుక. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ రెడ్‌షా, థామస్ సడెన్‌డార్ఫ్ 2016లో ఒక గొట్టంతో దీన్ని పరీక్షించారు. గొట్టానికి పైన ఒక నోరు, కింద చీలిపోయి రెండు నోళ్లు. పైనుంచి వేసిన వస్తువు కింద ఏ వైపు నుంచి పడుతుందో చెప్పలేం. పట్టుకోవాలంటే రెండు చేతులూ రెండు నోళ్ల కింద పెట్టాలి. రెండేళ్ల పిల్లలు ఎక్కువగా ఒక నోటినే మూసి నిలబడ్డారు, చింపాంజీల వంటి తోకలేని వానరాలూ అంతే. నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది మొదటిసారే రెండు చేతులూ చాపారు. ఒకే క్షణంలో రెండు రేపులున్నాయని ఆ చేతులు చెబుతున్నాయి.

కానీ రెండు రేపులను ఊహించడం వేరు, జరిగిపోయిన నిన్నకు జరగని నిన్నను జంట కట్టడం వేరు. వస్తువు పడిపోయాక ‘ఇటు పడింది, కానీ అటు పడి ఉండవచ్చు’ అని వెనక్కు తిరిగి రెండు దారులనూ తెరిచి చూడగలగాలి. సారా బెక్, ఆమె సహచరులు 2006లో దాదాపు ఇలాంటి చీలిన జారుడుదారుల మీదే దీన్ని పరీక్షించారు. ముందుకు చూసి రెండు వైపులకూ సిద్ధపడగలిగే పిల్లలు కూడా, వెనక్కు చూసి రెండో వైపును గుర్తించడంలో తడబడ్డారు. జరిగిపోయినదానికి ఒక బరువుంటుంది. అది కళ్లముందు నిలబడి, జరగనిదాన్ని కప్పేస్తుంది. దాన్ని పక్కకు జరపడానికి మనసుకు నిగ్రహం కావాలి. ఒక ఆలోచన నుంచి మరో ఆలోచనకు మారి, మళ్లీ మొదటిదానికి తిరిగి రాగల చురుకుదనం కావాలి. ఇలా ఆలోచన మార్చుకోగల నేర్పుకూ, పిల్లల్లో పశ్చాత్తాపం కనిపించడానికీ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

అయితే చిన్నపిల్లలకు ‘అలా కాకపోతే’ అన్న ఆలోచన బొత్తిగా లేదనలేం. 1996లో పాల్ హారిస్, టిమ్ జర్మన్, పాట్రిక్ మిల్స్ మూడు నాలుగేళ్ల పిల్లలకు ఒక కథ చెప్పారు. బురద చెప్పులతో ఒక అమ్మాయి శుభ్రమైన నేల మీద నడిచింది, నేల పాడైంది. చెప్పులు విప్పి ఉంటే నేల ఎలా ఉండేది? శుభ్రంగా ఉండేదని చాలామంది చెప్పారు. దీన్నిబట్టి మూడేళ్లకే ఈ విద్య వచ్చేసిందనుకున్నారు కొందరు.

ఈ ముగింపుతో ఆస్ట్రియా పరిశోధకులు ఈవా రఫెట్‌సెడర్, జోసెఫ్ పెర్నర్ ఏకీభవించలేదు. వారి అభ్యంతరం చాలా సూక్ష్మమైనది, దాని దగ్గర కొంత ఆగాలి. చెప్పులు విప్పితే నేల శుభ్రంగా ఉంటుందన్నది ఎప్పుడూ వర్తించే సాధారణ నియమం. పిల్లవాడు ఆ నియమాన్ని చెప్పినా జవాబు సరిపోతుంది. ఆ రోజు, ఆ ఇంట్లో జరిగిన సంఘటనను తీసుకుని అందులో ఒక్క ముక్క మాత్రం మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు నిలిపి చూడాల్సిన అవసరం అక్కడ లేదు. ఆ అవసరం ఉండే కథ ఒకటి వాళ్లు తయారుచేశారు. అమ్మ మిఠాయిని ఒకసారి పై అరలో, ఒకసారి కింది అరలో పెడుతుంది. పొడుగ్గా ఉండే అన్నకు రెండు అరలూ అందుతాయి. పొట్టిగా ఉండే చెల్లెలికి కింది అర మాత్రమే అందుతుంది. ఎవరు తీసుకుంటే మిఠాయి వాళ్ల గదికి వెళుతుంది. ఈరోజు మిఠాయి పై అరలో ఉంది, అన్న వచ్చి తీసుకెళ్లాడు. అన్న బదులు చెల్లెలు వచ్చి ఉంటే ఇప్పుడు మిఠాయి ఎక్కడుండేది?

పై అరలోనే ఉండేది. చెల్లెలికి అందదు కదా. ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది ‘చెల్లెలి గదిలో’ అన్నారు. చెల్లెలు వస్తే తన గదికి తీసుకెళుతుందన్న నియమాన్ని అప్పజెప్పారు. ఈరోజు మిఠాయి పై అరలో ఉందన్న నిజాన్ని ఊహాలోకంలోకి వెంట తీసుకురాలేదు. నిజాన్ని ఒకచోట మార్చి, మిగతాచోట్ల విడవకుండా పట్టుకోవడం ఎంత కష్టమో ఈ కథ చూపిస్తుంది. వీరి లెక్కలో ఈ విద్య పూర్తిగా పండటానికి పదేళ్లు దాటుతుంది. పశ్చాత్తాపానికి కావలసింది సరిగ్గా ఇదే. ‘నేను ఎడమ పెట్టె తీసుకున్నాను’ అన్న ఒక్క ముక్క మారాలి. గది అదే, ఆట అదే, పెట్టెల్లో ఉన్నవి అవే.

ఎన్నో ఏడు?

ఇక్కడే పరిశోధకుల మధ్య పెద్ద వాదన నడిచింది. రాబర్ట్ గుట్టెన్‌టాగ్, జెన్నిఫర్ ఫెరెల్ 2004లో చెప్పిన కథలో ఇద్దరు అబ్బాయిలు సైకిల్ మీద బడికి బయల్దేరతారు. దారిలో చెరువుంది. ఒకడు రోజూ వెళ్లే వైపునుంచే వెళ్లాడు. రెండోవాడు ఎప్పుడూ వెళ్లే వైపు మానేసి ఈరోజు మొదటివాడి వైపు పట్టాడు. అక్కడ పడివున్న చెట్టుకు తగిలి ఇద్దరూ సైకిళ్ల మీదినుంచి పడ్డారు. ఎవరికి ఎక్కువ బాధ? దారి మార్చినవాడికని ఏడేళ్ల పిల్లలూ పెద్దలూ చెప్పారు. ఐదేళ్ల పిల్లలకు ఇద్దరి బాధా ఒకటే. దెబ్బ ఒకటే కాబట్టి బాధా ఒకటేనన్నది వాళ్ల న్యాయం. ఆ న్యాయంలో తప్పులేదు, అందులో లేనిది ‘ఎప్పటిలా వెళ్లి ఉంటే’ అన్న ఒక్క మాట.

అయితే అది ఇంకొకరి పశ్చాత్తాపం గురించిన ప్రశ్న. తన సొంత పశ్చాత్తాపం? డేనియల్ వైస్‌బర్గ్, సారా బెక్ 2010లో పెట్టెల ఆటతో దీన్ని చూశారు. గెలిచినదాని గురించి ఎలా ఉందో చెప్పమని ముఖాల బొమ్మలు చూపారు. రెండో పెట్టె తెరిచాక మళ్లీ అడిగారు. ఐదేళ్ల ప్రాంతంలోనే కొందరి జవాబు దిగజారింది. ఇతరుల విషయంలో అదే గుర్తింపు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మంట ముందు తన గుండెలో రగులుతుంది, పక్కవాడి గుండెలో అదే రగులుతోందని తర్వాత తెలుస్తుంది.

రఫెట్‌సెడర్, పెర్నర్ ఇక్కడా అడ్డు నిలిచారు. మెరుగైన బహుమతిని చూస్తే చేతిలో ఉన్నది చిన్నదిగా తోచడం సహజం, దానికి ‘నేను అది ఎంచుకుని ఉంటే’ అనుకోనక్కర్లేదు అన్నారు. వారి 2012 పరిశోధన ప్రకారం అసలైన పశ్చాత్తాపం తొమ్మిదేళ్ల దాకా గట్టిపడదు. దీనికి జవాబుగా, పిల్లవాడు స్వయంగా ఎంచుకున్నప్పుడూ, పాచిక పడి పెట్టె నిర్ణయమైనప్పుడూ కలిగే భావాలను పోల్చే ప్రయోగాలు వచ్చాయి. పాచిక నిర్ణయిస్తే నింద తనది కాదు, అప్పుడు మిగిలేది ఆశాభంగం మాత్రమే.

ఈ వాదనలో ఎవరు గెలిచారని చూడటంకన్నా, రెండు పక్షాలూ చూస్తున్నది ఒకే చెట్టు వేర్వేరు ఎత్తులని అనుకోవడం సబబుగా తోస్తుంది. ఐదారేళ్లకు మొలక వస్తుంది. ఏడేళ్ల ప్రాంతానికి చాలామందిలో కొమ్మలు వేస్తుంది. జరిగినదాన్నీ జరగనిదాన్నీ కచ్చితంగా జోడించి, అందులో తన వంతెంతో లెక్కగట్టగల నిండుదనం ఇంకా తర్వాతిది. ఒక్క తేదీ కోసం వెదికేవారికి ఈ రంగం నిరాశనే మిగులుస్తుంది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్లల్లో ఒకరికి ఈ చింత తెలిసి ఉండవచ్చు, ఒకరికి తెలియకపోవచ్చు.

పశ్చాత్తాపానికి తోబుట్టువు ఊరట. ‘అమ్మయ్య, అది తీసుకోలేదు’ అన్న భావానికీ కావలసింది ఇదే రెండు లోకాల పోలిక. అయినా కొన్ని ప్రయోగాల్లో ఊరట పశ్చాత్తాపంకన్నా ఆలస్యంగా కనిపించింది. అంతా బాగున్నప్పుడు ‘ఇలా కాకపోతే’ అని వెనక్కు చూడాలన్న తొందర మనసుకు ఉండకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

మరునాటి పెట్టె

ఇంత బాధాకరమైన శక్తి పిల్లలకు ఎందుకు? దీనికి సూటి జవాబు ఇచ్చినవారు ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు. ఈమర్ ఓకానర్, టెరెసా మెక్‌కార్మాక్, ఐడన్ ఫీనీ 2014లో ప్రచురించిన పరిశోధనలో పెట్టెల ఆటను ఒక రోజుతో ఆపలేదు. మరునాడు అవే పెట్టెలు మళ్లీ తెచ్చి ఎంచుకోమన్నారు. నిన్న పశ్చాత్తాపపడిన పిల్లలు ఈరోజు ఎంపిక మార్చుకునే అవకాశం ఎక్కువగా కనిపించింది. నిన్నటి రెండో పెట్టెలో ఏముందో అందరూ చూశారు. కానీ చూసినదాన్ని మరునాటి నిర్ణయంలోకి తేవడానికి ఆ చిన్న మంట తోడ్పడినట్టుంది.

మెక్‌కార్మాక్ బృందం 2019లో ఇంకో అడుగు వేసింది. ఈసారి ఒక పెట్టె త్వరగా తెరుచుకుంటుంది, రెండోది చాలాసేపు ఆగితేగాని తెరుచుకోదు. ఆగలేక మొదటిది తీసుకున్న ఆరేడేళ్ల పిల్లలకు, ఆగి ఉంటే ఏం దొరికేదో చూపించారు. చింతపడినవాళ్లు తర్వాతిసారి ఆగడానికి ఎక్కువగా సిద్ధపడ్డారు. ఓపిక పట్టమని గంటసేపు బోధించడంకన్నా, ఓపిక పట్టకపోవడం వల్ల పోయినదాన్ని ఒక్కసారి కళ్లారా చూడటం ఆ పిల్లల మీద పనిచేసింది.

అదే ఏడాది బ్రెండా అప్రిచర్డ్, మెక్‌కార్మాక్ మరో కోణం చూశారు. తనకు నష్టం కలిగించిన ఎంపిక గురించి కాక, వేరొక పిల్లవాడికి మేలు చేయగలిగీ చేయని ఎంపిక గురించి పిల్లలు చింతిస్తారా? అలా చింతించిన పిల్లలు తర్వాత పంచుకోవడంలో ముందున్నారు. మన భాషలో పశ్చాత్తాపమనే మాటకు ఉన్న నైతిక రంగు ఇక్కడ తన చోటును వెదుక్కుంటుంది. ముందు స్టిక్కర్ల గురించి వచ్చిన చింతే, తర్వాత తోటివాడి గురించి వస్తుంది. చిన్నదాన్ని అసూయ అని చిదిమేస్తే, పెద్దది ఎక్కడినుంచి వస్తుంది?

పశ్చాత్తాపం లేని మనసు ఎలా ఉంటుందో తెలియజేసే ఆధారాలు కూడా ఉన్నాయి. నుదుటి వెనక, కళ్ల గుంటలకు పైన ఉండే మెదడు భాగం దెబ్బతిన్న పెద్దలతో నతాలీ కామీల్, ఆమె సహచరులు 2004లో జూదపు చక్రాల ఆట ఆడించారు. గెలిస్తే వాళ్లు సంతోషించారు, ఓడితే బాధపడ్డారు. కానీ ఎంచుకోని చక్రం ఏమి ఇచ్చేదో చూపించినా వాళ్ల భావం మారలేదు. మిగతావారు పశ్చాత్తాపాన్ని ముందే ఊహించి ఎంపికలు దిద్దుకుంటూ పోయారు, వీళ్లు దిద్దుకోలేదు. మెదడు ముందు భాగం బాల్యమంతా, యౌవనం దాకా పరిణతి చెందుతూనే ఉంటుందన్నది తెలిసిన సంగతే. పిల్లల్లో ఈ భావం మెల్లగా రావడం ఆశ్చర్యం కాదు.

పెద్దలనే మాట

ఈ పరిశోధనలన్నీ చదివినప్పుడు ఒక విషయం మనసును కలచివేస్తుంది. పశ్చాత్తాపం పిల్లలకు పనికొచ్చేది, అది వాళ్లదైనప్పుడే. పెద్దలు దాన్ని బయటినుంచి రుద్దినప్పుడు అది మరొకటిగా మారిపోతుంది. ‘చూశావా, నేను చెప్పినట్టు విని ఉంటే’ అనగానే ఆ బిడ్డ ముందున్న పోలిక మారిపోతుంది. ఇంతవరకు ‘నేను ఎంచుకున్నది, నేను వదిలేసినది’ అని చూస్తున్న మనసు, ఇప్పుడు ‘నేను, నన్ను చూసి కోప్పడుతున్నవారు’ అని చూస్తుంది. మొదటిది పాఠం, రెండోది భయం. భయపడిన పిల్లవాడు మరునాడు మెరుగైన పెట్టె కోసం వెదకడు, తిట్లు పడని పెట్టె కోసం వెదుకుతాడు.

దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు ప్రేమతో చేసేది. పిల్లవాడి ముఖం వాడిపోగానే ‘పోనీలే, అదేమంత గొప్పది కాదు’ అని రెండో పెట్టెను చిన్నచేయడం, లేదా వెంటనే ఇంకొకటి తెచ్చి చేతిలో పెట్టడం. ఆశాభంగానికి ఈ ఓదార్పు సరిపోతుంది. వర్షం వల్ల ఆగిన ఆటకు మరో ఆట బదులే. పశ్చాత్తాపానికి మాత్రం ఇది అడ్డు. జరగనిదాన్ని చూస్తున్న కళ్లను చేత్తో మూయడమే అవుతుంది. ‘అవును, అది తీసుకుని ఉంటే పది వచ్చేవి. బాధగానే ఉంటుంది’ అన్న మాటలో ఓదార్పు తక్కువగా కనిపించవచ్చు. కానీ ఆ మాట పిల్లవాడి లెక్క సరైనదేనని ఒప్పుకుంటుంది, తర్వాత ఏం చేయాలో వాడికే వదిలేస్తుంది.

ఈ రెండు బాధలకూ రెండు వేర్వేరు మాటలు కావాలన్నది అందుకే. అనుకోనిది జరిగినప్పుడు ‘అనుకున్నట్టు కాలేదు కదా’ అనడం, తన ఎంపిక వల్ల జరిగినప్పుడు ‘మరోలా చేసి ఉంటే బాగుండేదనిపిస్తోందా’ అనడం. ఇవి వింటూ పెరిగిన పిల్లలకు తమ లోపలి కలతను విడదీసి చూసుకునే పనిముట్లు దొరుకుతాయి. నాలుగేళ్ల బిడ్డకు రెండో మాట అందకపోవచ్చు. అందనప్పుడు కోప్పడనక్కర్లేదు.

ఇంకొక మెట్టు మిగిలింది. దాని మీద పెద్దలు కూడా తడబడతారు. పెట్టెలు మూసి ఉన్నప్పుడు ఎందులో ఏముందో తెలుసుకునే దారి పాపకు లేదు. ఆమె ఎంపికలో తప్పు లేదు, ఫలితమే తక్కువైంది. ఆగలేక త్వరగా తెరుచుకునే పెట్టె పట్టుకున్న పిల్లవాడి సంగతి అలా కాదు, వాడికి ముందే తెలిసినది కొంత ఉంది. ఫలితం చెడ్డదైతే నిర్ణయమూ చెడ్డదేనని తీర్పు చెప్పే అలవాటు పెద్దల్లో ఎంత బలంగా ఉంటుందో జొనాథన్ బారన్, జాన్ హెర్షీ 1988లోనే చూపారు. ఒకే ఆలోచనతో తీసుకున్న ఒకే నిర్ణయాన్ని, అది బెడిసికొట్టినప్పుడు జనం తక్కువగా అంచనా వేశారు. పెద్దలే దీన్ని దాటలేనప్పుడు, పశ్చాత్తాపం అప్పుడప్పుడే నేర్చిన ఏడేళ్ల బిడ్డ మూసిన పెట్టె విషయంలోనూ తననే నిందించుకుంటుంది. ‘తీసుకునేటప్పుడు నాకు తెలియదు కదా’ అన్న మాట ఆమె నోట ఇంకొన్నేళ్లకుగాని రాదు. అప్పటిదాకా ఆ మాటను ఆమె తరఫున పక్కన కూర్చున్నవారే అనాలి.